సాఫ్ట్‌వేర్ సబ్‌స్క్రిప్షన్ బిల్లు: పన్నులో ఎవరికి కలిసొస్తుంది, ఎవరికి రాదు

వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ లాంటి ఊళ్లలో సొంతంగా పని చేసుకునేవాళ్ల లెక్కల్లోకి కొన్నేళ్లుగా ఒక కొత్త ఖర్చు వచ్చి చేరింది. ఇళ్ల ప్లాన్లు గీసే ఇంజినీరుకు ఆటోక్యాడ్, పెళ్లి ఆల్బమ్‌లు చేసే డిజైనరుకు ఫొటోషాప్, కోడ్ రాసే ఫ్రీలాన్సరుకు క్లౌడ్ సర్వర్, వీళ్లందరికీ ఈ మధ్య చాట్‌జీపీటీ. ఒకప్పుడు సాఫ్ట్‌వేర్ అంటే ఒకసారి కొని ఏళ్ల తరబడి వాడుకునే సరుకు. కొత్త వెర్షన్లన్నీ చందా పద్ధతిలోనే ఇస్తామని ఫొటోషాప్ చేసే అడోబీ 2013లో ప్రకటించింది. 2016లో ఆటోడెస్క్ కూడా ఆటోక్యాడ్ కొత్త శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేసింది. అప్పటి నుంచి కరెంటు బిల్లులాగే ఇది కూడా ఆగని ఖర్చయింది.

అందుకే రిటర్నులు వేసే రోజుల్లో సీఏ ఆఫీసులకు ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది: "సార్, ఫొటోషాప్‌కు కట్టిన పైసలు ట్యాక్స్‌లో తీసేసుకోవచ్చు కదా?"

చట్టం మాటకొస్తే, తీసేసుకోవచ్చు. 2025-26 ఆదాయానికి వర్తించే 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 37(1) ప్రకారం పూర్తిగా వృత్తి కోసమో వ్యాపారం కోసమో పెట్టిన ఖర్చును ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. ఆ ఖర్చు సొంత అవసరాలకు పెట్టింది కాకూడదు, ఆస్తి కొన్నది కాకూడదు, చట్టం నేరమనే పనికి పెట్టింది కాకూడదు. పని కోసం కట్టే నెల చందాకు ఈ మూడు అడ్డంకులూ మామూలుగా ఉండవు. అయినా అడిగినవాళ్లలో చాలామందికి ఆ బిల్లు వల్ల పన్ను ఒక్క రూపాయి కూడా తగ్గదు. రిటర్ను ఏ పద్ధతిలో వేస్తున్నారన్న దగ్గరే ఆ సంగతి తేలిపోతుంది. బిల్లు చూడాల్సిన అవసరం ఆ తర్వాత గానీ రాదు.

సగం ఖర్చు ముందే ఇచ్చేశారు

ఇంజినీర్లు, ఆర్కిటెక్టులు, డాక్టర్లు, లాయర్లు, అకౌంటెంట్లు, టెక్నికల్ కన్సల్టెంట్లు, ఇంటీరియర్ డెకరేటర్లు, ఐటీ వృత్తిలో ఉన్నవాళ్లకు సెక్షన్ 44ఏడీఏ ఉంది. ఏడాదికి వచ్చిన ఫీజులు 50 లక్షలు దాటకపోతే అందులో కనీసం సగం ఆదాయంగా చూపి పన్ను కట్టేయొచ్చు. నగదు రూపంలో వచ్చింది మొత్తంలో 5 శాతానికి మించకపోతే ఈ పరిమితి 75 లక్షలు. ఖాతా పుస్తకాలు రాయక్కర్లేదు, ఆడిట్ అక్కర్లేదు. ఐటీఆర్-4 అనే చిన్న ఫారంతో పని అయిపోతుంది.

మిగతా సగం ఖర్చుల కిందకు పోయినట్టే. ఆఫీసు అద్దె, కరెంటు, కంప్యూటరు మీద తరుగుదల (వస్తువు పాతబడే కొద్దీ ఏటా రాసుకునే ఖర్చు), సాఫ్ట్‌వేర్ చందాలు అన్నీ అందులోనే కలిసిపోయాయి. ఫుల్ మీల్స్ టోకెన్ తీసుకున్నాక పెరుగు వేసుకోలేదని డబ్బు వెనక్కి ఇవ్వరు, రెండోసారి పప్పు వేయించుకున్నామని అదనంగా తీసుకోరు. ఇదీ అంతే. సగం చూపించి, దాంట్లోంచి మళ్లీ ఆటోక్యాడ్ బిల్లు తగ్గించడం కుదరదు.

చిన్న ఆఫీసు పెట్టుకుని ఇంటి ప్లాన్లు, అనుమతుల డ్రాయింగులు చేసే ఇంజినీరు ఒకరున్నారనుకుందాం. ఏడాది ఫీజులు 18 లక్షలు, అద్దె, అసిస్టెంటు జీతం, సాఫ్ట్‌వేర్ అన్నీ కలిపి అసలు ఖర్చు 3 లక్షలు. సగం లెక్కన వేస్తే ఆదాయం 9 లక్షలు. కొత్త పన్ను విధానంలో 2025-26 ఆదాయానికి 12 లక్షల దాకా రిబేటు (పన్ను మాఫీ) ఉంది కాబట్టి కట్టాల్సింది సున్నా. అదే మనిషి ప్రతి బిల్లూ దాచిపెట్టి అసలు ఖర్చులే చూపిస్తే ఆదాయం 15 లక్షలు అవుతుంది, పన్ను సెస్సుతో కలిపి 1,09,200 రూపాయలు. బిల్లులు జాగ్రత్తగా దాచినందుకు లక్ష రూపాయల పైన నష్టం! ఇలాంటివాళ్లకు సబ్‌స్క్రిప్షన్ ఎలా క్లెయిమ్ చేయాలో నేర్పే యూట్యూబ్ వీడియోలు మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తున్నాయి.

లెక్క తిరగబడే సందర్భం ఒకటుంది. ఖర్చే సగం దాటినప్పుడు. కాజీపేటలో కూర్చుని బయటి క్లయింట్లకు యాప్‌లు చేసే ఐటీ ఫ్రీలాన్సరుకు 40 లక్షలు వచ్చాయి. ఇద్దరు కుర్రాళ్ల జీతాలు, క్లౌడ్ సర్వర్లు, అరడజను సబ్‌స్క్రిప్షన్లు కలిపి 24 లక్షలు పోయాయి. సగం లెక్కన ఆదాయం 20 లక్షలు, పన్ను 2,08,000. అసలు లెక్కన ఆదాయం 16 లక్షలు, పన్ను 1,24,800. తేడా 83,200. కాకపోతే 50 శాతం కంటే తక్కువ లాభం చూపిస్తే, మొత్తం ఆదాయం కనీస మినహాయింపు (స్లాబుల్లో పన్ను లేని మొదటి భాగం) దాటితే, పుస్తకాలు రాయాలి, సీఏతో ఆడిట్ చేయించాలి. ఆడిట్ ఫీజు, ఏడాది పొడుగునా లెక్కలు రాసేవాళ్ల ఖర్చు ఆ 83 వేలలోంచి పోగా ఎంత మిగులుతుందో చూసుకుని దిగాలి.

ఫొటోగ్రాఫరుది వేరే దారి

పెళ్లి ఫొటోగ్రాఫర్లు, ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపులు, అను ఫాంట్లలో శుభలేఖలు కొట్టే డీటీపీ సెంటర్లు 44ఏడీఏ జాబితాలో లేవు. సినిమా కళాకారులు ఉన్నారు గానీ పెళ్లి వీడియో తీసేవాళ్లు ఆ కోవలోకి రారు. వీళ్లది వ్యాపారం, కాబట్టి సెక్షన్ 44ఏడీ. టర్నోవర్ 2 కోట్ల లోపు ఉంటే, నగదు 5 శాతం మించని చోట 3 కోట్ల లోపు ఉంటే, యూపీఐ, బ్యాంకు ద్వారా వచ్చిన దాని మీద కనీసం 6 శాతం, నగదుగా వచ్చిన దాని మీద కనీసం 8 శాతం లాభంగా చూపాలి. అంతకంటే ఎక్కువ లాభం కూడా చూపొచ్చు. ఇక్కడ కూడా చందాను విడిగా తగ్గించుకునే వీలు లేదు.

అయితే ఒక తేడా చాలామందికి తెలియదు. ఇప్పటిదాకా ఎప్పుడూ 44ఏడీ వాడని వ్యాపారి, టర్నోవర్ కోటి దాటకపోతే, ఆడిట్ గొడవ లేకుండానే అసలు లెక్కలతో ఐటీఆర్-3 వేయొచ్చు. ఒకసారి 44ఏడీలోకి వెళ్లి, వరసగా ఐదేళ్లు ఉండకుండా మధ్యలో బయటికొస్తే మాత్రం తర్వాతి ఐదేళ్లు మళ్లీ అందులోకి రానివ్వరు. ఆ ఏళ్లలో ఆదాయం కనీస మినహాయింపు దాటితే ఆడిట్ కూడా తప్పదు. కొత్త కెమెరాలు, లెన్సులు, ఎడిటింగ్ సిస్టమ్ ఒకే ఏడాది కొని, చందాలన్నీ కట్టి, చివరికి నష్టం తేలిన స్టూడియోకు అసలు లెక్కే మేలు. వ్యాపార నష్టాన్ని రిటర్ను గడువులోగా చూపిస్తే 8 ఏళ్ల దాకా ముందుకు తీసుకెళ్లొచ్చు. 6 శాతం దారిలో నష్టమన్న మాటే ఉండదు.

ఇంకో చిక్కు డబ్బిచ్చేవాళ్లు ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను, అంటే టీడీఎస్‌తో వస్తుంది. ఏ ఫంక్షన్ హాలో, కాలేజో ఫొటోగ్రాఫరుకు డబ్బిస్తూ దాన్ని వృత్తి ఫీజుగా భావించి సెక్షన్ 194జే కింద పన్ను కోసేస్తుంది. ఫొటోగ్రాఫరు రిటర్నులో వ్యాపారమని రాస్తాడు. రెండూ పొసగక నోటీసు వస్తే టెన్షన్. అది తప్పు చేసినందుకు వచ్చిన నోటీసు కాకపోవచ్చు, కానీ జవాబు చెప్పుకోవాలి కదా. డబ్బిచ్చేవాళ్లతో ఏ సెక్షన్ కింద కోస్తున్నారో ముందే మాట్లాడుకుంటే ఆ తిప్పలు ఉండవు.

అసలు లబ్ధిదారులు అడగరు

ఈ మొత్తం వ్యవహారంలో సబ్‌స్క్రిప్షన్ బిల్లు నిజంగా పనికొచ్చేది కమీషన్ మీద బతికేవాళ్లకు. ఇన్సూరెన్స్ ఏజెంట్లు, మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్లు, ప్లాట్లు అమ్మిపెట్టే మధ్యవర్తులు. కమీషన్, బ్రోకరేజీ ఆదాయానికి 44ఏడీ వర్తించదు. వాళ్ల వృత్తి 44ఏడీఏ జాబితాలోనూ లేదు. రెండు అడ్డదారులూ మూసుకుపోయాక మిగిలింది అసలు లెక్కే. కాబట్టి కస్టమర్ల వివరాలు దాచే సాఫ్ట్‌వేర్, వాట్సాప్‌లో మెసేజ్‌లు పంపే టూల్, పోస్టర్లకు కాన్వా, ఆన్‌లైన్ మీటింగులకు జూమ్, అన్నిటి బిల్లులూ ఆదాయంలోంచి నేరుగా తగ్గుతాయి. టర్నోవర్ కోటి లోపే ఉంటుంది కాబట్టి ఆడిట్ కూడా ఉండదు, పుస్తకాలు రాసుకుంటే చాలు. విచిత్రం ఏమంటే పెట్రోలు బిల్లులు దాచే ఏజెంట్లు సాఫ్ట్‌వేర్ బిల్లుల సంగతే పట్టించుకోరు. అవి కాగితం మీద కాకుండా ఈమెయిల్లో వస్తాయి కాబట్టేమో.

పైగా 12 లక్షల గీత దగ్గర ఉన్నవాళ్లకు ఒక్కో బిల్లు బంగారమే. ఖర్చులు పోగా ఆదాయం 12,20,000 తేలిందనుకోండి. స్లాబుల ప్రకారం పన్ను 63,000 రావాలి. కానీ 12 లక్షలు దాటిన మొత్తం కంటే పన్ను ఎక్కువ ఉండకూడదన్న ఊరట నిబంధన వల్ల అది 20,000కు ఆగుతుంది, సెస్సుతో 20,800. ఇప్పుడు మెయిల్లో మరిచిపోయిన 20,000 రూపాయల సబ్‌స్క్రిప్షన్ బిల్లులు దొరికాయి. ఆదాయం 12 లక్షలకు దిగింది, పన్ను సున్నా. 20,000 ఖర్చుకు 20,800 మిగిలింది! బిల్లు కన్నా పన్ను ఆదాయే ఎక్కువ. కొత్త విధానంలో దాదాపు 12.7 లక్షల దాకా ఈ వింత నడుస్తుంది.

అలాగని ఆదాయం ఎప్పుడూ 12 లక్షల లోపే ఉండేవాళ్లు చందాల వెంటపడి లాభం లేదు. కట్టాల్సిన పన్నే లేనప్పుడు తగ్గేది ఏముంది? పై స్లాబులో ఉన్నవాళ్లకు 28,320 రూపాయల బిల్లు 30 శాతం మీద సెస్సుతో కలిపి సుమారు 8,836 తగ్గిస్తుంది, 20 శాతం స్లాబులో అయితే 5,890 దాకా. మొత్తం తిరిగి రావడం కాదు, పన్నులో కొంత తగ్గడం. కొత్త విధానంలో 80సీ లాంటి పొదుపు మినహాయింపులు పోయాయి కదా, వ్యాపార ఖర్చులు కూడా పోయినట్టేనా అని అడుగుతుంటారు. పోలేదు. 37(1) ఖర్చులు రెండు విధానాల్లోనూ ఉన్నాయి.

షేర్ల దగ్గర కూడా ఇలాంటి తేడా ఒకటి పట్టించుకోవాలి. ఎఫ్‌అండ్‌ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) ట్రేడింగ్ చట్టం దృష్టిలో వ్యాపార ఆదాయం, కాబట్టి అసలు లెక్క రాసేవాళ్లకు చార్టుల సాఫ్ట్‌వేర్ చందా ఖర్చే. షేర్లు కొని దాచుకుని మూలధన లాభం చూపించేవాళ్లకు అదే చందా పనికిరాదు. ఉద్యోగస్తులదీ అంతే. మడికొండ ఐటీ పార్కులో జీతం తీసుకుంటూ సొంత డబ్బుతో ఏదైనా టూల్ కొనుక్కున్నవాళ్లకు కొత్త విధానంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ తప్ప జీతంలోంచి ఏదీ తగ్గదు. సాయంత్రాలు ఫ్రీలాన్స్ చేస్తే ఆ ఆదాయంలోంచే, ఆ పనికి వాడినంత వరకే.

బిల్లు చదవడం

అసలు లెక్కల దారిలో ఉన్నవాళ్లకు ఇప్పుడు బిల్లు సంగతి. క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్లో పేరు కనిపించినంత మాత్రాన సరిపోదు. వెండర్ ఇచ్చిన ఇన్‌వాయిస్ ఉండాలి, అందులో పన్ను కట్టేవాళ్ల పేరో సంస్థ పేరో ఉండాలి. టెలిగ్రామ్ గ్రూపుల్లో నెలకు మూడొందలకు అమ్మే షేర్డ్ లాగిన్లకు ఇన్‌వాయిస్ ఉండదు, ఉన్నా ఎవరి పేరు మీదో ఉంటుంది. క్రాక్ వెర్షన్ల సంగతి చెప్పేదేముంది, అక్కడ బిల్లే లేదు. ఇంట్లో పిల్లల చదువుకూ ఆఫీసు పనికీ కలిపి వాడే ఫ్యామిలీ ప్లాన్ ఉంటే పనికి వాడిన భాగమే రాసుకోవాలి. ఆ భాగం ఎలా లెక్కేశారో ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే రేపు అడిగినప్పుడు తడుముకోవాల్సిన పని ఉండదు.

చందాకూ కొనుగోలుకూ తేడా ఉంది. నెలకో ఏడాదికో కట్టి, కట్టడం ఆపితే ఆగిపోయేది మామూలు ఖర్చు. ఒకేసారి డబ్బిచ్చి శాశ్వత లైసెన్సు తీసుకుంటే అది సాధారణంగా ఆస్తి. దాని మీద కంప్యూటర్లతో సమానంగా ఏటా 40 శాతం తరుగుదల వస్తుంది. ఆ ఏడాదిలో 180 రోజుల కంటే తక్కువ వాడితే సగమే. నవంబరులో 60,000 పెట్టి శాశ్వత లైసెన్సు కొంటే మొదటి ఏడాది 12,000, తర్వాత మిగిలిన 48,000 మీద 19,200, ఆ పైన 11,520. అదే డబ్బు చందాగా కట్టుంటే కట్టిన ఏడాదే ఖర్చులోకి వచ్చేది. లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ దీనికి మంచి ఉదాహరణ. శాశ్వత లైసెన్సు ఆస్తి కిందకు, ఏటా కట్టే రెన్యువల్ ఖర్చు కిందకు పోతాయి. తక్కువ కాలం పనికొచ్చే సాఫ్ట్‌వేర్‌ను మామూలు ఖర్చుగానే చూడాలని కోర్టులు, ట్రైబ్యునళ్లు చెప్పిన సందర్భాలున్నాయి. 2008లో ఆమ్వే కేసులో ఢిల్లీ ట్రైబ్యునల్ ప్రత్యేక బెంచి తీర్పు అలాంటిదే.

ఏడాది చందా మార్చి 31 దాటి నడిస్తే ఏ పద్ధతిలో లెక్కలు రాస్తున్నారన్నది చూస్తారు. జనవరి 1న 36,000 కట్టి డిసెంబరు దాకా తీసుకుంటే, చెల్లించినప్పుడే ఖర్చు రాసే నగదు పద్ధతిలో మొత్తం ఈ ఏడాదే. కాలాన్ని బట్టి రాసే పద్ధతిలో 9,000 ఈ ఏడాది, మిగతా 27,000 వచ్చే ఏడాది. ఏదో ఒకటి పట్టుకుని ఏటా అదే పాటించాలి. లాభం బాగున్న ఏడాది ఒకటి, లేని ఏడాది ఇంకొకటి అంటే ఒప్పుకోరు. ఇక షాపులో నగదు ఇచ్చి లైసెన్సు గానీ రెన్యువల్ గానీ తీసుకునేవాళ్లు ఒకే రోజు ఒకరికి 10,000 దాటి నగదు ఇవ్వకూడదు. దాటితే ఆ ఖర్చు పోయినట్టే.

జీఎస్టీలో జరిగే నష్టం దీనికంటే పెద్దది, అది ఎక్కువగా ఒక ఖాళీ గడి వల్ల వస్తుంది. విదేశీ కంపెనీ ఆన్‌లైన్ సేవలకు, కొనేవాళ్లు జీఎస్టీలో రిజిస్టర్ కాకపోతే, ఆ కంపెనీయే 18 శాతం వసూలు చేసి మన ప్రభుత్వానికి కడుతుంది. 24,000 చందాకు 4,320 కలిసి 28,320. రిజిస్ట్రేషన్ లేనివాళ్లకు ఈ మొత్తమూ ఖర్చే. రిజిస్టర్ అయినవాళ్లు అకౌంట్ సెట్టింగ్స్‌లో జీఎస్టీ నంబరు ఇస్తే కంపెనీ పన్ను వేయదు. కొన్నవాళ్లే రివర్స్ చార్జి కింద ఆ పన్ను తామే కట్టి, అదే మొత్తాన్ని తాము కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకునేలా ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి తీసుకుంటారు. అప్పుడు ఆదాయపు పన్నులో ఖర్చు 24,000 మాత్రమే. క్రెడిట్ తీసుకున్న 4,320ని మళ్లీ ఖర్చుగా రాయకూడదు. నంబరు ఇవ్వడం మరిచిపోతే కంపెనీ మామూలు వినియోగదారుడిగా లెక్కేసి 18 శాతం వేసేస్తుంది, ఆ క్రెడిట్ రాదు. నాలుగైదు టూల్స్ వాడేవాళ్లకు ఏడాదికి ఇది వేలల్లోనే ఉంటుంది. సేవలు అందించేవాళ్లకు రిజిస్ట్రేషన్ హద్దు 20 లక్షలు కాబట్టి, ఆ గీత దాటిన నెలలోనే ప్రతి సబ్‌స్క్రిప్షన్‌లోకీ వెళ్లి నంబరు పెట్టడం మంచి పని.

విదేశీ కంపెనీకి డబ్బు పంపుతున్నాం కదా, టీడీఎస్ కోయాలా అన్న భయం ఇంకోటి. కోయాల్సిన చోట కోయకపోతే మొత్తం ఖర్చునే కొట్టేసే నిబంధన ఉంది కాబట్టి ఆ భయం ఊరికే రాలేదు. అందరికీ ఒకేలా అమ్మే సాఫ్ట్‌వేర్‌కు విదేశీ కంపెనీకి ఇచ్చే డబ్బు రాయల్టీ (హక్కులు వాడుకున్నందుకు ఇచ్చే సొమ్ము, దానికైతే టీడీఎస్ కోయాలి) కాదని సుప్రీంకోర్టు 2021 మార్చి 2న ఇంజినీరింగ్ అనాలిసిస్ సెంటర్ కేసులో తేల్చింది. క్లౌడ్ చందాలకూ ట్రైబ్యునళ్లు చాలాసార్లు అదే దారి పట్టాయి. కాబట్టి నెలకు కార్డు మీద కట్టే మామూలు చందాకు కంగారు అక్కర్లేదు. మన కోసమే ప్రత్యేకంగా సాఫ్ట్‌వేర్ చేసివ్వమని విదేశీ డెవలపరుకు డబ్బు పంపితే మాత్రం వ్యవహారం వేరు. అది పంపే ముందే సీఏను అడగాలి.

2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం వచ్చింది. అసెస్‌మెంట్ ఇయర్ (ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఏడాది) అన్న మాట పోయి పన్ను సంవత్సరం వచ్చింది. 44ఏడీ, 44ఏడీఏలు రెండూ సెక్షన్ 58లోకి చేరాయి. 2025-26 ఆదాయానికి వేసే రిటర్ను మాత్రం పాత చట్టం కిందే. సెక్షన్ నంబర్లు మారినా ఇక్కడ చెప్పిన లెక్కల తీరు మారలేదు. పాత చట్టం కింద వృత్తి పుస్తకాలు, వోచర్లు అసెస్‌మెంట్ ఇయర్ ముగిశాక ఆరేళ్లు ఉంచాలి, అంటే 2025-26 బిల్లులు 2033 మార్చి దాకా. సబ్‌స్క్రిప్షన్ రద్దు చేసి అకౌంటు మూసేశాక పాత ఇన్‌వాయిస్‌లు వెబ్‌సైటులో దొరుకుతాయన్న భరోసా లేదు. రద్దు బటన్ నొక్కే ముందు బిల్లింగ్ పేజీలోకి వెళ్లి ఏడాది పొడుగు పీడీఎఫ్‌లన్నీ దింపుకుని పెట్టుకోవాలి.